బ్రిటన్ జూలై 4 ఎన్నికలు: మీ అంచనా ఎంత? మీ ఓటు ఎటు?

స్లౌ_సూరిబాబు | జూన్ 23, 2024, రాత్రి 9:12
మే 22న కన్జర్వేటివ్ ప్రధాని సునాక్ గొడుగు కూడా లేకుండా వానలో నిలబడి ఎన్నికలు ప్రకటించిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఇదే గోల. ఆవిడ లేబర్, నేను గోడ మీద పిల్లి. జూన్ 4న ఆంధ్రాలో కూటమికి 164 వచ్చాక "నేను ముందే చెప్పాను" అనేవాళ్లు ఎక్కువైపోయారు. ఇక్కడి సంగతి నిజంగానే ముందు చెప్పండి చూద్దాం. మొత్తం 650 సీట్లు, మెజారిటీకి 326. నా లెక్క లేబర్ 410, కన్జర్వేటివ్ 140.

2019లో కన్జర్వేటివ్‌కే వేశాను. ఈసారి చెయ్యి రావట్లేదు. ఫిక్స్‌డ్ డీల్ అయిపోయి మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) వడ్డీ 1.8 నుంచి 5.2 శాతానికి ఎక్కింది, నెలకి 580 పౌండ్లు అదనం. పోనీ లేబర్‌కి వేద్దామంటే, వాళ్ల నాయకుడు స్టార్మర్ ఏది అడిగినా వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో పనిముట్లు చేసేవాడనే చెప్తాడు.

కారప్పూస | 9:20
లేబర్ 430. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

బోల్టన్_బుజ్జి | 9:31
రెండో ప్రపంచ యుద్ధపు డీ-డే స్మారక కార్యక్రమం మధ్యలో వచ్చేసిన రోజే సునాక్ అల్లుడుగారి పని అయిపోయింది.

కారప్పూస | 9:33
మనకేం అల్లుడు? బెంగళూరు వాళ్ల అల్లుడు.

మూర్తి_లెస్టర్ | 10:05
నేను ఈ దేశం వచ్చి 23 ఏళ్లు. 1992లో సర్వేలు బోల్తా పడ్డాయని ఇక్కడి పాతవాళ్లు ఇప్పటికీ చెప్తారు. 2015లో నా కళ్లతో చూశాను, హంగ్ అన్నారు, కన్జర్వేటివ్ ప్రధాని కామెరాన్‌కి 331 వచ్చాయి. 2017లో అదే పార్టీ థెరిసా మే ఊడ్చేస్తుందన్నారు, ఉన్న మెజారిటీ కూడా పోయింది. కాబట్టి 410, 430 అని ఊగకండి. కన్జర్వేటివ్‌లు 200 దాటతారు. పైకి చెప్పరు గానీ లోపలికెళ్లి వేస్తారు.

క్రాయిడన్_సీత | 10:19
మూర్తిగారూ, 2015లో సర్వేలు తప్పింది ఆరేడు పాయింట్లు. ఇప్పుడు తేడా ఇరవై. దాన్ని "లోపలికెళ్లి" పూడ్చడం కష్టం. వలసలు వద్దనే ఫరాజ్ పార్టీ రిఫార్మ్‌ని కూడా లెక్కలోకి తీసుకోండి. జూన్ 3న ఫరాజ్ క్లాక్టన్‌లో నిలబడతానన్నాడు, పది రోజులకే యూగవ్ సర్వేలో వాళ్లకి 19 శాతం, కన్జర్వేటివ్‌లకి 18. ఓట్లు చీలితే లాభం ఎవరికి?

మూర్తి_లెస్టర్ | 10:26
2015లో వాళ్ల పాత పార్టీకి 38 లక్షల ఓట్లు పడితే వచ్చింది ఒక్క సీటు. ఆ లెక్క తెలుసా మీకు?

క్రాయిడన్_సీత | 10:28
నేను చెప్పేదీ అదే కదండీ! వాళ్లు గెలవక్కర్లేదు, కన్జర్వేటివ్‌లని ఓడిస్తే చాలు.

పెన్సిల్_బాధితుడు | 10:40
అంచనాలు సరే, ఇక్కడ ఓటు పెన్సిల్‌తో వేయిస్తారేంటండీ? దారం కట్టిన మొండి పెన్సిల్. రబ్బరుతో చెరిపేస్తే దిక్కెవరు? ఈవీఎం లేదు, వేలికి సిరా చుక్క లేదు.

కారప్పూస | 10:42
మొదలెట్టాడు.

సూర్యాపేట_టు_సౌత్‌హాల్ | జూన్ 24, ఉదయం 7:50
మనవాళ్లు ఇద్దరున్నారు. నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో లేబర్ నుంచి ఉదయ్ నాగరాజు, స్టోక్-ఆన్-ట్రెంట్ సెంట్రల్‌లో కన్జర్వేటివ్ నుంచి డాక్టర్ చంద్ర కన్నెగంటి. పార్టీ ఏదైనా పార్లమెంటులో ఒక తెలుగు గొంతు ఉండాలి.

బోల్టన్_బుజ్జి | 8:02
ముందు తెలుగువాడా అంటారు, తర్వాత ఏ జిల్లా అంటారు, ఆ తర్వాత అడిగేది అందరికీ తెలుసు.

రెండో_షిఫ్ట్ | మధ్యాహ్నం 2:15
నమస్తే. నేను కేర్ వర్కర్ వీసా మీద వచ్చి రెండు నెలలైంది. ఇంటి ఓనర్ ఆంటీ చెప్తే ఓటరుగా నమోదు చేసుకున్నా, పోలింగ్ కార్డు పోస్టులో వచ్చింది. నాది ఇండియా పాస్‌పోర్టే. నిజంగా వేయొచ్చా? తర్వాత వీసాకి ఏమైనా ఇబ్బందా? మా రూమ్మేట్లు భయపెడుతున్నారు.

క్రాయిడన్_సీత | 2:31
వేయొచ్చమ్మా. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి ఇక్కడ చెల్లే వీసాతో ఉంటున్నవాళ్లకి హక్కు ఉంది, 1983 చట్టంలోనే ఉంది. ఫ్రాన్స్ వాళ్లకీ జర్మనీ వాళ్లకీ పార్లమెంటు ఎన్నికల్లో లేదు, మనకుంది. ఫోటో ఐడీ తప్పనిసరి, మీ ఇండియన్ పాస్‌పోర్టే చాలు. వీసాకి ఏ ఇబ్బందీ ఉండదు.

మూర్తి_లెస్టర్ | 3:10
చట్టం ఒప్పుకుంటుంది సరే, న్యాయమా? నిన్న దిగి ఇవాళ ఓటు. చుట్టంలా వచ్చి ఇంటి పెత్తనం చేసినట్టుంటుంది. పౌరసత్వం వచ్చేదాకా నేను ఒక్క ఓటూ వేయలేదు. ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాసం) అప్పుడు ఇవన్నీ తవ్వుతారని నాకు ఒకరు చెప్పారు.

క్రాయిడన్_సీత | 3:18
ఎవరు చెప్పారు? చట్టం ఇచ్చిన ఓటు వేసినందుకు ఐఎల్‌ఆర్ ఆపిన కేసు ఒక్కటి చూపించండి.

మూర్తి_లెస్టర్ | 3:25
నేను న్యాయం గురించి మాట్లాడుతున్నా.

క్రాయిడన్_సీత | 3:27
ఇందాక ఐఎల్‌ఆర్ అన్నారు.

స్లౌ_సూరిబాబు | 3:40
ఆ అమ్మాయి కట్టేదీ పన్నే కదా మూర్తిగారూ. ఫిబ్రవరి నుంచి వీసాతో కట్టే హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 1,035 పౌండ్లు చేశారు, మా తమ్ముడు ముందే కట్టి దిగాడు.

మూర్తి_లెస్టర్ | 3:52
కేర్ వీసాకి ఆ సర్‌చార్జ్ లేదు! తెలియకుండా మాట్లాడకండి. 2023లో నికర వలస 6,85,000. ఏజెంటుకి పదిహేను లక్షలు పోసి దొడ్డిదారిన వచ్చేవాళ్ల వల్లే మన పేరు చెడుతోంది. ఈసారి నా ఓటు ఫరాజ్ పార్టీకే. చాలా?

కారప్పూస | 3:53
ఓహో. కన్జర్వేటివ్‌లు 200 దాటతారన్న ఆయనేనా?

క్రాయిడన్_సీత | 4:01
మీరు వచ్చిన నిచ్చెనని మీరే లాగేస్తున్నారు. ఫరాజ్ దృష్టిలో మీరూ నేనూ ఆ లెక్కలోవాళ్లమే.

మూర్తి_లెస్టర్ | రాత్రి 11:47
నిచ్చెన అన్నారు కాబట్టి చెప్తున్నా. 2012 జూలైలో రూల్స్ మార్చారు. పెద్దవాళ్లని తెచ్చుకోవాలంటే దీర్ఘకాలం ఒకరు చూసుకోక తప్పని స్థితి ఉండాలి, ఆ సాయం ఇండియాలో దొరకదని కూడా రుజువు చేయాలి. మా అమ్మ తెనాలిలో ఒక్కతే. రెండుసార్లు పెట్టాం, రెండుసార్లూ కుదరదన్నారు. డబ్బు పంపుతున్నాడు కాబట్టి మనిషిని పెట్టుకోవచ్చట. 2018లో బాత్‌రూమ్‌లో జారిపడింది, పొద్దున పాలబ్బాయి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. నేను వెళ్లేసరికి ఫ్రీజర్ బాక్సులో ఉంది. ఆ తర్వాత నాలుగేళ్లకి కేర్ వీసా మీద భార్యా పిల్లలతో సహా దిగుతుంటే చూస్తూ కూర్చున్నా. ఏం రూలు ఇది? ఓటు సంగతి కాదు నాది.

స్లౌ_సూరిబాబు | 11:58
అయ్యో. మూర్తిగారూ, ఇది మాకు తెలియదు.

రెండో_షిఫ్ట్ | జూన్ 25, ఉదయం 5:40
మీ అమ్మగారి గురించి చదివి నిద్ర పట్టలేదు సార్. కానీ ఒక మాట. భార్యా పిల్లలతో అన్నారు. మార్చి 11 నుంచి కేర్ వర్కర్లకి అది లేదు. మా బాబుకి నాలుగేళ్లు, ఏలూరులో అమ్మ దగ్గర ఉన్నాడు. వీడియో కాల్‌లో ఫోన్ వెనక్కి తిప్పి చూస్తాడు, నేను అటువైపు ఉన్నానేమోనని. ఏజెంటుకి ఇచ్చింది పద్నాలుగు లక్షలు, పదిహేను కాదు. దొడ్డిదారి అని నాకెవరూ చెప్పలేదు, ఎయిర్‌పోర్టులో స్టాంపు వేసే పంపారు.

ఎవరికి వేయాలో తెలియట్లేదు. లేబర్ మేనిఫెస్టోలోనూ వలస తగ్గిస్తామనే ఉంది. ఆ రోజు నా షిఫ్టు ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది. బూత్ ఎన్నింటిదాకా ఉంటుంది?

క్రాయిడన్_సీత | 6:15
రాత్రి పదిదాకా. పదికల్లా లైన్‌లో ఉంటే చాలు, వేయనిస్తారు.

మూర్తి_లెస్టర్ | 6:50
పోలింగ్ స్టేషన్ ఎక్కడో కార్డు మీద ఉంటుంది. రాత్రి బస్సులు తక్కువ, ముందే చూసుకో అమ్మా. నా ఓటు మాత్రం మారదు.

పెన్సిల్_బాధితుడు | 7:05
సొంత పెన్ను తీసుకెళ్లొచ్చట. ఇప్పుడే చదివాను.