అప్‌డేట్: పులికాట్‌లో మా పడవ ఇంజిన్ దారికి వచ్చింది

తడ దగ్గర పులికాట్‌లో నడిపే మా పడవ ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు బాగానే ఉండి, వేగం పెంచగానే నీరసించి ఆగిపోతోందని ఇంతకుముందు అడిగాను. పడవ వెనక బిగించే అవుట్‌బోర్డ్ ఇంజిన్, రెండు స్ట్రోకులది; అంటే పెట్రోలులోనే ఆయిల్ కలిపి వాడతాం. లోపం దొరికింది.

ఇంజిన్ తడబడుతుండగానే పెట్రోలు గొట్టం మీద, చేత్తో పెట్రోలు తోసే రబ్బరు బల్బును పిసికి చూడమన్న సలహాకు వేల దండాలు. తమ్ముడు హ్యాండిల్ పట్టుకున్నాడు, నేను బల్బు పిసికాను. ఇంజిన్ వెంటనే పుంజుకుంది; వదిలేస్తే మళ్లీ కుంగింది. అంటే ప్లగ్గులను అనుమానించే పని లేదు, పెట్రోలే సరిగ్గా అందడం లేదు. ఇంజిన్‌కు పెట్రోలు తోడే పంపు విప్పితే లోపల కదులుతూ ఉండే పలుచని పొర, అదే డయాఫ్రం, బిరుసెక్కి, అంచున వెంట్రుకంత చీలి ఉంది. సూళ్లూరుపేటలో దొరకక చెన్నై నుంచి తెప్పించాం.

అంతకన్నా భయపెట్టింది, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ కింది గిన్నె. అడుగున నీటి బొట్లు! ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీరూ ఇథనాలూ విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. మనం కలిపిన ఆయిల్ మాత్రం పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ఇంజిన్ లాగేది అడుగు నుంచే కాబట్టి పిస్టన్‌కు ఆయిల్ జిడ్డు అందక అది బిగుసుకుపోతుంది. సరస్సు మీద బతికేవాళ్లు దయచేసి పాత పెట్రోలును గాజు సీసాలో పోసి చూడండి, అడుగున వేరే పొర కనిపిస్తే వాడకండి.

ట్యాంకు కడిగి, కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు (జెట్లు) శుభ్రం చేసి, నీటిని వేరుచేసే ఫిల్టర్ బిగించాం. ఇప్పుడు నిండు బరువుతోనూ తడబాటు లేదు. పాత గొట్టం మార్చడం ఒక్కటే మిగిలింది.