ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం ఎవరి పని?

స్టాఫ్ నర్సు, కర్నూలు:
బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి డ్యూటీ చేసినవారికి ఆ లెక్క వింటే నవ్వొస్తుంది. ఇంజెక్షన్లు, సెలైన్లు, కేస్ షీట్లు ముగిసేసరికే తెల్లవారుతుంది కనుక, ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం (రోగిని ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పడం), బెడ్‌పాన్ పెట్టడం, తినిపించడం పూర్తిగా ఎఫ్ఎన్ఓ, ఎంఎన్ఓలకు (నర్సులకు సాయపడే మహిళా, పురుష నర్సింగ్ ఆర్డర్లీలకు) అప్పగించి, ఆ మేరకు వారి సంఖ్య పెంచాలని నా వాదన. ఇప్పుడు ఆ పనులు చాలావరకు చేస్తున్నది ఆదోని నుంచో ఆలూరు నుంచో వెంట వచ్చిన బంధువులే కదా.

నర్సింగ్ ట్యూటర్, కడప:
సిబ్బంది కొరత నిజమే గాని, పూర్తిగా అప్పగించడాన్ని ఒప్పుకోలేను. రోగి నడుము కింది చర్మం కనబడేది ఒళ్ళు తుడిచేటప్పుడే. ఎర్రబడిన చోట వేలితో నొక్కినా ఎరుపు తగ్గకపోతే అది బెడ్ సోర్‌కు (ఒకే పక్కన పడుకోవడం వల్ల పడే పుండుకు) తొలి దశ. ఆ రోజే గుర్తిస్తే రెండు గంటలకొకసారి పక్క మార్చి చాలావరకు ఆపవచ్చు, ఆలస్యమైతే డ్రెస్సింగులే మిగులుతాయి. పక్షవాత రోగి మింగగలడో లేదో చూడకుండా గంజి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా రావచ్చు. అందువల్ల చేరిన రోజు మొదటి స్పంజింగూ (తడిగుడ్డతో ఒళ్ళు తుడవడం), పక్షవాత రోగి మొదటి ముద్దా నర్సు సమక్షంలోనే జరగాలి. నిలకడగా ఉన్నవారిని ఆ తర్వాత అప్పగించవచ్చు, అప్పుడైనా జవాబుదారీ నర్సే.

ఎఫ్ఎన్ఓ, అనంతపురం:
ఆ ఎరుపును చాలాసార్లు మొదట చూసేది మేమే, మేడమ్. మందుల ట్రాలీ దగ్గరున్న సిస్టర్‌కు చెబితే తలూపుతారు, షీటులో మాత్రం ఎక్కదు. డ్యూటీ మారేటప్పుడు సిస్టర్లు పడక పడకకూ రోగి పరిస్థితి చెప్పుకుంటుంటే మేము దుప్పట్లు మారుస్తుంటాము. ఎవరిని ఏ చేయి పట్టుకొని లేపకూడదో బంధువులను అడిగి తెలుసుకోవలసి వస్తోంది. పైగా పక్క మార్చమని చెప్పి, మధ్యలో ఎక్స్‌రేకు స్ట్రెచర్ తోయమంటే, తర్వాతి రెండు గంటలకు ఆ పడక దగ్గర ఉండేదెవరు?

స్టాఫ్ నర్సు, కర్నూలు:
డ్యూటీ మార్పిడిలో ఎఫ్ఎన్ఓలను పక్కన నిలబెట్టుకోవడానికి కొత్త పోస్టులు అక్కరలేదు. ఇన్‌ఛార్జి సిస్టర్ తలచుకుంటే రేపే మొదలుపెట్టవచ్చు. మొదటి ముద్ద విషయంలోనూ ట్యూటర్ గారి మాటకు ఒప్పుకుంటున్నాను. స్పంజింగ్ మీద మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది: అర్ధరాత్రి చేరిన రోగి దగ్గర నేను నిలబడితే, అదే వేళకు మిగతా పడకలకు వేయవలసిన యాంటీబయాటిక్ ఎవరు వేయాలో ఆమే చెప్పాలి.