ఓల్డ్ టైమ్ ఫిడిల్ జామ్‌లో కూర్చునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

సాలూరు_శ్రుతి:
అందరికీ నమస్కారం. విజయనగరంలో తొమ్మిదేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, నార్త్ కరోలినాలో రాలీకి వచ్చి రెండేళ్లయింది. పోయిన నెల ఆఫీసులో ఒకాయన వాళ్ల ఓల్డ్ టైమ్ జామ్‌కి తీసుకెళ్లాడు, అంటే ఇక్కడి కొండ ప్రాంతాల పాత జానపద ట్యూన్లని ఫిడిల్ (మన వయొలినే), బాంజోలతో అందరూ కూడి వాయించే చోటికి. పన్నెండు మంది గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు, మైకు లేదు, ఎదురుగా కాగితాలు లేవు, ఒక్క ట్యూన్ పట్టుకుని పది నిమిషాలు వాయించారు. మొదట్లో అంతా ఒకేలా వినపడింది, ఆ తర్వాత ఏమైందో తెలీదు గానీ ఆపకపోతే బాగుండు అనిపించింది. రెండోసారి వయొలిన్ పట్టుకెళ్లాను. స్వరాలు దొరుకుతున్నాయి, కానీ నేను వాయిస్తే వాళ్ల పాటలా ఉండట్లేదు, వేలు దానంతటదే జారి గమకం వేసేస్తోంది. పైగా కుర్చీలో కూర్చుంటే వయొలిన్ నిలవట్లేదు, కింద బాసింపట్టు వేసుకుని వాయించడం అలవాటు కదా. ఎక్కడ మొదలుపెట్టాలి?

మల్లిక_షార్లెట్:
శ్రుతి గారూ, ఆరేళ్ల కిందట నాదీ ఇదే పరిస్థితి. వేళ్ల సంగతి కొన్నాళ్లు వదిలేసి కుడిచెయ్యి చూసుకోండి. మనకి రాగం ఎడమచేతిలో పలుకుతుంది, వీళ్లకి ప్రాణమంతా కమానులో ఉంటుంది. నేను వారం రోజులు ఎడమచెయ్యి పెట్టకుండా ఖాళీ తీగల మీద "తా తక, తా తక" అని కమాను ఆడించాను, ఒక పొడుగు, రెండు పొట్టి. పక్క తీగని కూడా కలిపి లాగాలి, పాట ఒక తీగ మీద, శ్రుతి పక్క తీగ మీద. అది కుదిరాక గమకాలు వాటంతటవే తగ్గాయి.

ఇంకోటి చెప్తే మీకు ఒళ్లు జలదరిస్తుంది. వీళ్లు ఎ (పాశ్చాత్య స్వరాల్లో ఒకటి) శ్రుతిలో వాయించేటప్పుడు ఫిడిల్‌ని చాలాసార్లు మామూలు జి-డి-ఎ-ఇ నుంచి మార్చి ఎ-ఇ-ఎ-ఇ చేసుకుంటారు. స-ప-స-ప! మన వయొలిన్ శ్రుతే! ఎవరి దగ్గరా నేర్చుకోకుండా ఎవరి దారిలో వాళ్లు వెళ్లి ఒకే చోట కలిశారు. కాకపోతే కింది రెండు తీగలూ ఒక్కో మెట్టు పైకి లాగాలి కాబట్టి బిరడా మెల్లగా తిప్పండి, నేను తొందరపడి తిప్పితే తీగ తెగి చెంప మీద చారపడింది.

వయొలిన్ జారుతోందని బెంగ వద్దు. పాతవాళ్లు చాలామంది ఛాతీకి ఆనించుకునే వాయించారు.

బాంజో_బాబ్జీ:
మల్లిక గారు చెప్పిందంతా నిజం. వినడానికైతే టామీ జారెల్ అనే ఫిడిలర్ దగ్గర మొదలుపెట్టండి. మీకు రెండు గంటల దూరంలో మౌంట్ ఎయిరీ పక్కన టోస్ట్ అనే చిన్న ఊళ్లో ఉండేవాడు, 1901లో పుట్టి 1985లో పోయాడు. బతుకంతా రోడ్ల శాఖలో పనిచేసి రిటైరయ్యాక ఎక్కడెక్కడి కుర్రాళ్లో వచ్చి ఇంట్లో దిగితే, అన్నం పెట్టి మరీ నేర్పించాడు. ఆ చుట్టుపక్కల బాణీనే రౌండ్ పీక్ అంటారు. ఆయన కమాను వినండి, సగం పాఠం అక్కడే అయిపోతుంది.

ఫిడిల్ పక్కన వాయించే తీగల వాద్యం బాంజో గురించి కూడా చెప్పాలి. దానికి పక్కనుంచి ఒక పొట్టి తీగ ఉంటుంది, బొటనవేలితో మీటుతారు, పాట ఎటు పోయినా అది ఒకే స్వరం మోగుతుంది. మా అమ్మమ్మ వీణ మీద తాళం తీగలు మీటడం చూస్తూ పెరిగాను కాబట్టి మొదటి రోజే చుట్టరికం కలిసింది. ఈ వాద్యం బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లతో అమెరికా వచ్చింది, అది మర్చిపోయి దీన్ని తెల్లవాళ్ల కొండ సంగీతమని రాసేస్తుంటే బాధగా ఉంటుంది. మీకు దగ్గర్లోనే మెబేన్‌లో జో థాంప్సన్ అనే నల్లజాతి ఫిడిలర్ ఉండేవాడు, 2012లో పోయాడు. ఆయన ఇంటికి వెళ్లి కూర్చుని నేర్చుకున్న ముగ్గురు యువతీయువకులే కరోలినా చాకొలెట్ డ్రాప్స్ బృందం. వాళ్లని తప్పకుండా వినండి.

కొత్తపేట_కుర్రాడు:
నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఇక్కడ జామ్ లేదు. మౌంట్ ఎయిరీలో 1948 నుంచి నడుస్తున్న డబ్ల్యూపీఏక్యూ రేడియో నెట్‌లో వస్తుంది, శనివారాలు లైవ్ ప్రోగ్రామ్ ఉంటుంది, మనకి అప్పుడు రాత్రి. ఒక డౌట్, ఇదీ, బ్లూగ్రాస్ అనే అమెరికన్ సంగీతమూ ఒకటేనా?

మల్లిక_షార్లెట్:
కాదు తమ్ముడూ. బ్లూగ్రాస్ 1940ల్లో వచ్చింది, అందులో ఒక్కొక్కరు వంతులవారీగా ముందుకొచ్చి సోలో వాయిస్తారు. ఇక్కడ వంతుల్లేవు, అందరూ కలిసి అదే పాట మళ్లీ మళ్లీ వాయిస్తారు.

ఒహాయో_వాసు:
ఇద్దరూ పండుగల సంగతి చెప్పలేదు. వర్జీనియాలోని గేలాక్స్‌లో 1935 నుంచి ఫిడిలర్ల పోటీ జరుగుతోంది. వెస్ట్ వర్జీనియాలోని క్లిఫ్‌టాప్ పండుగ నాకు ఇంకా ఇష్టం. స్టేజీ ఉంది గానీ అసలు సంగీతం గుడారాల మధ్య. రాత్రి రెండింటికి లాంతరు వెలుగులో ఎవరో మొదలుపెడతారు, దారిన పోయేవాళ్లు కుర్చీ లాక్కుని కూర్చుంటారు. రాని ట్యూన్ అయితే వాయించకుండా వినండి, మధ్యలో ఏదో ఒకటి గీకితే పక్కవాళ్లకి ఇబ్బంది. ట్యూన్ మొదలుపెట్టినవాళ్ల పాదం చూస్తుండండి, అది పైకి లేస్తే అదే చివరి ఆవృతం.

మల్లిక_షార్లెట్:
అవును, ఇంకోటి. కొన్ని పాత ట్యూన్లలో గాంధారం (గ) మన సాధారణ గాంధారానికీ, దానికన్నా పైనున్న అంతర గాంధారానికీ మధ్యలో నిలబడుతుంది. అపస్వరం అనుకుని సరిచెయ్యకండి.

సాలూరు_శ్రుతి:
నిన్న మళ్లీ వెళ్లొచ్చాను. ఎనిమిది రోజులు ఖాళీ తీగల మీద "తా తక" తప్ప ఇంకేమీ వాయించలేదు, ఇంట్లోవాళ్లు ఓపిగ్గా భరించారు. ఎ-ఇ-ఎ-ఇ కి శ్రుతి చేసి కమాను పెట్టగానే మా గురువుగారి ఇంటి వరండా గుర్తొచ్చింది. ఒక ట్యూన్ సగానికి వచ్చాక నా వయొలిన్ నాకు విడిగా వినపడటం మానేసింది, అందరితో కలిసిపోయింది. పక్కన కూర్చున్న పెద్దాయన పాదం లేచింది, నేనూ ఆగాను, మొదటిసారి అందరితో పాటు ఒకేసారి. ఆయన నా వైపు తిరిగి, వచ్చే మంగళవారం మొదటి ట్యూన్ నువ్వే మొదలుపెట్టమ్మా అన్నాడు. ఏది మొదలుపెట్టను, ఎవరైనా ఒకటి చెప్పండి, ఎ లోనే ఉండాలి.