లినక్స్‌లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ విండోస్‌లో కనపడటం లేదు: మీ అనుభవాలు చెప్పగలరు

బడిగంట:
నేను ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ఆ మింట్‌ను ఎక్కించడానికి వాడిన 64 జీబీ పెన్‌డ్రైవ్‌ను మళ్ళీ మామూలు అవసరాలకు వాడుకుందామని చూస్తే, అందులో 3 జీబీ మాత్రమే కనిపించింది. అందువల్ల ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ఎఫ్‌డిస్క్ అనే పనిముట్టుతో, డ్రైవ్‌లోని భాగాల వివరాలుండే పాత పట్టికను తీసివేసి, ఒకే పార్టిషన్ (భాగం) చేసి, దానిని విండోస్, లినక్స్ రెండూ చదవగల ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేశాను. నా ల్యాప్‌టాప్‌లో అది చక్కగా తెరుచుకుంటోంది. కానీ ప్రశ్నపత్రాలు ముద్రించే డీటీపీ దుకాణంలోని విండోస్ కంప్యూటర్‌లో దానికి డ్రైవ్ అక్షరమే రావడం లేదు. దుకాణం ఆయన "డ్రైవ్ పోయింది సార్, కొత్తది కొనుక్కోండి" అంటున్నారు. బడిలోని టీవీ కూడా దానిని చదవలేదు. పొరపాటు ఎక్కడ జరిగి ఉంటుంది?

పాతమదర్‌బోర్డు:
డ్రైవ్ పోలేదు, డబ్బు ఖర్చు పెట్టకండి. ఎఫ్‌డిస్క్‌తో కొత్త పార్టిషన్ చేసినప్పుడు, మనం ఏమీ చెప్పకపోతే అది దానికి 83 అనే రకం సంఖ్య ఇస్తుంది. అంటే "ఇది లినక్స్ వారి పార్టిషన్" అని పట్టికలో రాసి పెడుతుంది. ఆ తరువాత మీరు ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసినా ఫార్మాట్ చేసే ఆదేశం పార్టిషన్ లోపలి భాగాన్నే మారుస్తుంది తప్ప, బయట పట్టికలో ఉన్న సంఖ్య జోలికి వెళ్ళదు. లినక్స్ లోపలికి చూసి గుర్తు పడుతుంది కనుక మీకు తేడా తెలియలేదు. విండోస్ మాత్రం 83ను చూడగానే తనది కాదనుకొని పక్కన పెట్టేస్తుంది. ఇల్లు మీదే అయినా గుమ్మం మీద వేరొకరి పేరున్న బోర్డు వేలాడుతున్నట్లన్నమాట.

మళ్ళీ ఫార్మాట్ చేయనవసరం లేదు. డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేసి (వాడకం నుంచి విడదీసి), ఎఫ్‌డిస్క్‌లో టీ నొక్కి, రకం 7 అని ఇచ్చి, డబ్ల్యూతో భద్రపరచండి. ఎక్స్‌ఫ్యాట్‌కూ, విండోస్ సొంత పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌కూ 7 సరిపోతుంది. పాత పద్ధతి అయిన ఫ్యాట్32 అయితే సీ ఇవ్వాలి. లోపలి ఫైళ్ళు అలాగే ఉంటాయి. జీపీటీ అనే కొత్త రకం పట్టిక పెట్టుకున్నవారు మాత్రం "మైక్రోసాఫ్ట్ బేసిక్ డేటా" అనే రకాన్ని ఎంచుకోవాలి. గ్నోమ్ డిస్క్స్ అనే, మౌస్‌తో నడిపే పనిముట్టుతో ఫార్మాట్ చేస్తే రకాన్ని అదే సరిచేస్తుంది కనుక, ఇది ఎక్కువగా టెర్మినల్ ఇష్టపడే మనవంటి వారికి ఎదురయ్యే చిక్కు.

ల్యాబ్‌తాళాలు:
పై సమాధానం సరైనదే. అయితే ఇన్‌స్టాలేషన్‌కు వాడిన డ్రైవ్ విషయంలో ఇంకొక మాట చేర్చాలి. ఐఎస్‌ఓ ఫైలును (ఇన్‌స్టాలేషన్ సీడీకి ప్రతి వంటి ఫైలు) నేరుగా డ్రైవ్ మీద రాసినప్పుడు, దాని ఆనవాళ్ళు డ్రైవ్ మొదట్లో మిగిలిపోతాయి. కొత్త పట్టిక చేసినా కొన్ని పనిముట్లు దానిని ఇంకా సీడీ ప్రతిగానే భావిస్తాయి. నేను పట్టిక చేయడానికి ముందే వైప్‌ఎఫ్‌ఎస్ ఆదేశాన్ని, అన్నీ తుడిచేయమనే ఎంపికతో, మొత్తం డ్రైవ్ మీద ఒకసారి నడుపుతాను. అది ఆనవాళ్ళను మాత్రమే తుడుస్తుంది, మొత్తం సమాచారాన్ని కాదు. కనుక పాత డ్రైవ్‌ను ఎవరికైనా ఇచ్చేసేటప్పుడు దానిని నమ్ముకోకూడదు.

ఏటిగట్టు:
ఆ ఆదేశాన్ని చదివి వెంటనే నడపబోయే వారికి నా అనుభవం చెప్పి తీరాలి. రెండేళ్ళ క్రితం నా పెన్‌డ్రైవ్ లినక్స్‌లో ఎప్పుడూ ఎస్‌డీబీ అనే పేరుతో వస్తుందనే అలవాటుతో, ఆ పేరే కొట్టి ఫార్మాట్ చేశాను. ఆ రోజు బయటి హార్డ్‌డిస్క్ ముందుగా తగిలించి ఉన్నందువల్ల ఆ పేరు దానికి వెళ్ళింది, పెన్‌డ్రైవ్ ఎస్‌డీసీ అయింది. ఈ పేర్లు తగిలించిన వరుసను బట్టి మారతాయని నాకు అప్పుడు తెలియదు. మా చెల్లి పెళ్ళి ఫొటోలు ఆ హార్డ్‌డిస్క్‌లోనే ఉన్నాయి. పోయిన ఫైళ్ళను వెలికితీసే ఫొటోరెక్‌తో రెండు రాత్రులు కూర్చుని చాలావరకు తీయగలిగాను, కానీ అది ఫైళ్ళ పేర్లను, ఫోల్డర్లను తిరిగి ఇవ్వదు. అమ్మ ఇప్పటికీ అంకెల పేర్లతో ఉన్న వేల ఫొటోలలో తలంబ్రాల ఫొటో వెతుక్కుంటూ ఉంటుంది.

అప్పటి నుంచి డ్రైవ్‌ల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశాన్ని డ్రైవ్ పెట్టక ముందు ఒకసారి, పెట్టిన తరువాత ఒకసారి నడిపి, కొత్తగా వచ్చిన వరుస ఏదో చూసి, పరిమాణంతోను మోడల్‌తోను సరిపోల్చుకున్నాకే ముందుకు వెళుతున్నాను. 64 జీబీ డ్రైవ్ అక్కడ సుమారు 59 చిల్లరగానే కనిపిస్తుంది. అది లోపం కాదు, లెక్క వేసే పద్ధతిలోని తేడా.

పాతమదర్‌బోర్డు:
ఏటిగట్టు గారు చెప్పినది ముఖ్యం. నేను చెప్పిన ఎఫ్‌డిస్క్ దశకు ముందు కూడా ఇలాగే సరిచూసుకోవాలని రాసి ఉండవలసింది.

కాగితపుపడవ:
బడిగంట గారు దుకాణంలోను ల్యాప్‌టాప్‌లోను వాడుతున్నారు కనుక ఎక్స్‌ఫ్యాట్ ఎంపిక సబబే. మైక్రోసాఫ్ట్ దాని నిర్దేశాలను 2019 ఆగస్టులో బహిరంగపరచింది, 2020లో వచ్చిన 5.7 కెర్నల్ (లినక్స్ మూలభాగం) నుంచి దానిని చదివే, శాంసంగ్ రాసిన డ్రైవర్ ప్రోగ్రాము లినక్స్‌లోనే ఉంది. ఉబుంటు 18.04 వంటి పాత లినక్స్ వ్యవస్థలున్న ల్యాబ్‌లలో మాత్రం విడిగా ప్యాకేజీ వేసుకోవలసి ఉంటుంది. లినక్స్ కంప్యూటర్ల మధ్య మాత్రమే తిరిగే డ్రైవ్ అయితే లినక్స్ సొంత పద్ధతి అయిన ఈఎక్స్‌టీ4 నాకు ఇష్టం. కానీ అందులో ఫైలు యజమాని సంఖ్య డ్రైవ్ మీదనే రాసి ఉంటుంది. నా యంత్రంలో 1000 సంఖ్య నాది, మరొక యంత్రంలో 1000 మరొకరిది కావచ్చు, అప్పుడు "అనుమతి లేదు" అనే మాట తప్పదు.

తెలుగు పేర్లతో ఫైళ్ళు దాచేవారికి ఇంకొక సంగతి. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరుకు 255 బైట్లే పరిమితి. తెలుగు సంకేతం (హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు వంటివి) ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది కనుక, సుమారు 85 సంకేతాలకే పేరు నిండిపోతుంది. "స్త్రీ" అనే ఒక్క అక్షరమే ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. ఎక్స్‌ఫ్యాట్‌లో 255 సంకేతాల వరకు పడుతుంది. మా నాన్నగారు హరికథల రికార్డింగులకు పల్లవి మొత్తం పేరుగా పెడతారు. అవి ఎక్స్‌ఫ్యాట్ నుంచి నా హార్డ్‌డిస్క్‌కు వెళ్ళనంటే, కారణం వెతకడానికి ఒక సాయంత్రం పట్టింది. అలాగే ఫ్యాట్32 డ్రైవ్‌కు పెట్టే లేబుల్‌కు 11 బైట్ల చోటే ఉంటుంది, అక్కడ తెలుగు పేరు పెట్టబోకండి.

బడిగంట:
అందరికీ కృతజ్ఞతలు. రకాన్ని 7కు మార్చి దుకాణానికి తీసుకువెళ్ళగా డ్రైవ్ వెంటనే తెరుచుకుంది, అందులో ముందే ఉన్న ఫైళ్ళు చెక్కుచెదరలేదు. దుకాణం ఆయన నమ్మలేక రెండుసార్లు తీసి పెట్టి చూశారు. టీవీ మాత్రం ఇంకా చదవడం లేదు. అది ఫ్యాట్32ను మాత్రమే చదివే రకమని దాని పుస్తకంలో ఉంది. 64 జీబీని ఫ్యాట్32 చేయవచ్చా? 32 జీబీ దాటితే కుదరదని విన్నాను.

ల్యాబ్‌తాళాలు:
చేయవచ్చు. ఆ 32 జీబీ హద్దు చాలాకాలంగా విండోస్ ఫార్మాట్ పనిముట్టు పెట్టినదే కాని, ఫ్యాట్32 పద్ధతికి సహజమైనది కాదు. లినక్స్‌లోని ఆదేశానికి ఆ హద్దు లేదు. కానీ ఒక్కొక్క ఫైలు 4 జీబీకి లోపే ఉండాలి, కనుక పాఠాల వీడియోలు పెద్దవైతే ముక్కలు చేసుకోండి. దుకాణానికి ఈ డ్రైవ్‌నే ఉంచుకొని, టీవీకి ఇంట్లో మూలపడ్డ చిన్నదొకటి కేటాయిస్తే రోజూ మార్చుకునే పని తప్పుతుంది. ఏదైనా సరే, కాపీ పట్టీ నిండిపోగానే లాగేయకండి. ఇంకా కొంత సమాచారం కంప్యూటర్ మెమరీలోనే ఉండి నెమ్మదిగా డ్రైవ్ మీదికి వెళుతూ ఉంటుంది, "తీసివేయవచ్చు" అని సందేశం వచ్చే వరకు ఆగండి.