“నా పేరొకతరి”యా, “నా పేరొకపరి”యా?

గోదారిగట్టు: గురజాడ “పూర్ణమ్మ” పాటలో, డబ్బు కోసం ముసలివాడికి కట్టబెట్టిన ఆ పిల్ల చనిపోయే ముందు అన్నదమ్ములతో అనే మాట పొద్దుటినుంచి వదలట్లేదు. “నలుగురు కూచుని నవ్వే వేళల నా పేరొకతరి తలవండి.” మా అమ్మ “ఒకపరి” అనేది. ఏది సరి?

పాతపుస్తకం: తరే. “తరి తలవండి” అని త వెంట త పడుతోంది చూడండి. పరి అంటే ఆ జంట చెడుతుంది.

ఓరుగల్లు: ఆ లెక్కన “పేరొకపరి”లో ప వెంట ప లేదా మాస్టారూ? పైగా “వేళల” అన్నాక మళ్లీ తరి దేనికి? వేళన్నా తరన్నా ఒకటే. పరి అంటే సారి. మీరు ఎన్నిసార్లయినా నవ్వుకోండి, ఒక్కసారి నన్ను తలుచుకోండి అంటోంది. అంత తక్కువ అడగడంలోనే ఉంది ఏడుపంతా.

పాతపుస్తకం: వేళలు అనేకం, అందులో ఒక తరి. పునరుక్తి ఎక్కడుంది? మాత్రలు రెండింటికీ సమానమే, ఛందస్సు సాక్ష్యం చెప్పదు.

విజయనగరం: “తలవండి” దగ్గరే ఆగిపోయారందరూ. ఆ వెంటనే “మీ మీ కన్నబిడ్డల నొకతెకు ప్రేమను నా పేరివ్వండి” అంటుంది కదా. పోయిన ఆడపడుచు పేరు ఇంట్లో పుట్టిన పాపకు పెట్టుకోవడం, శుభకార్యానికి ముందు అలా పోయిన పేరంటాలికి చీర పెట్టి తలుచుకోవడం మనకున్నవే. నలుగురు కూచుని నవ్వే వేళలంటే ఆ పెళ్లిళ్లూ పేరంటాలే. తరి అంటే ఆ సందర్భం. ఇంటి ఆచారంలో చోటడుగుతోంది పిల్ల. నా ఓటు తరికే.

గోదారిగట్టు: అక్కా, డబ్బు పుచ్చుకుని ఇచ్చిన ఇంట్లో ఆ చోటు దొరికేదా? కన్యాశుల్కం తొలి కూర్పు పీఠికలో గురజాడ ఇచ్చిన లెక్క ఉందిగా. విశాఖ జిల్లాలో మూడేళ్లలో నమోదైన శుల్క వివాహాలు 1,034. అందులో ఏడాది పసిపిల్లలు ముగ్గురు, ఒక్కొక్కరి ధర 350 నుంచి 400 రూపాయలు!

పాతపుస్తకం: అందుకే పూర్ణమ్మ పాటలో “కాసుకు లోనై తల్లీ తండ్రీ నెనరూ న్యాయం విడనాడి” అన్నాడు. తల్లి విడిచింది నెనరు, అంటే ప్రేమ; తండ్రి విడిచింది న్యాయం. వరస చూశారా? ఇంత తూచి రాసినవాడు తరికీ పరికీ తేడా ఎరగడా?

ఓరుగల్లు: వరస బాగుంది, ఒప్పుకుంటా. కానీ పరిని చులకన చేయకండి. అన్నమయ్య “ఒకపరి కొకపరి కొయ్యారమై” అన్నాడు.

విజయనగరం: కొయ్యారమా? వొయ్యారమై కదూ?

పాతపుస్తకం: ఒకపరికి, ఒకపరికి, ఒయ్యారమై. “కి” మీద సంధి జరిగి “కొ” అయింది. విడదీసి అచ్చేసేసరికి కొయ్యారమని కొత్తమాట పుట్టింది.

ఓరుగల్లు: పాడేటప్పుడు ఎక్కడ విరుస్తారో చూడండి మాస్టారూ. “కొయ్యారమై” దగ్గరే ఎత్తుకుంటారు.

పాతపుస్తకం: పాట విరుపు వేరు, పదం విరుపు వేరు. రెండో “ఒకపరి”కి విభక్తి తీసేస్తే వాక్యం ఎలా కుదురుతుందో చెప్పండి ముందు.