మిద్దె మీది అడీనియం గడ్డ మెత్తబడింది, బతుకుతుందా?

ప్రశ్న (అనంతపురం):
అందరికీ నమస్కారం. మా మిద్దె మీద కుండీలో అడీనియం (ఎడారి గులాబీ) ఉంది, పోయిన చలికాలంలో బెంగళూరు వైపు నర్సరీలో కొన్నది. ఎండాకాలమంతా విరగబూసింది. శ్రావణంలో పెద్ద కుండీలోకి మార్చాను. మా అత్తగారి ఊరు తాడిపత్రి దగ్గర, అక్కడి చేని నల్లమట్టి బలంగా ఉంటుందని తెప్పించి నింపాను. ఇప్పుడు నాలుగైదు రోజులుగా ముసురు. ఆకులు పసుపు తిరిగి రాలిపోతున్నాయి. అడుగున గడ్డలా ఉబ్బి ఉండే కాండాన్ని ఒక పక్క నొక్కితే వేలు లోపలికి పోతోంది. ఎడారి మొక్క అంటారు కదా, అనంతపురంలో బతకకపోతే ఇంకెక్కడ బతుకుతుంది? ఏం చేయాలో చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

జవాబు (కడప):
గడ్డ మెత్తబడిందంటే దాహం అక్కా. మే నెలలో మాది కూడా ముడతలు పడింది. కుండీ నిండా నీళ్లు పోస్తే కొన్నాళ్లకు మళ్లీ గట్టిపడింది. పోసి చూడండి.

జవాబు (కర్నూలు):
ఆగండి, చుక్క నీళ్లు కూడా పోయొద్దు. కడప తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, కానీ అది మే నెల మాట. దాహంతో మెత్తబడితే గడ్డ అన్ని పక్కలా సమానంగా ముడతలు పడుతుంది, మట్టి ఎండిపోయి ఉంటుంది. మీకు మట్టి తడిగా ఉంది, ఒక పక్కే మెత్తబడింది. అది కుళ్లు. అక్కడ చర్మం రంగు మారి, కొంచెం కంపు కూడా వస్తుంటే ఇక అనుమానమే లేదు.

ఇది ఆఫ్రికా, అరేబియా ప్రాంతాల మొక్క. అక్కడా వానాకాలం ఉంటుంది, అప్పుడు నీళ్లు బాగానే తాగుతుంది. కాకపోతే రాళ్లు, ఇసుక ఉన్న నేలలో పెరుగుతుంది కాబట్టి పడిన నీరు వేళ్ల దగ్గర నిలవదు. మన దగ్గర దీన్ని చంపేది ఎండ కాదు, కుండీలో ఇంకకుండా ఉండిపోయే తడి. అనంతపురానికి ఏడాది మొత్తానికి వచ్చే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, మిగతా నెలల కన్నా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ఎక్కువ కురుస్తుంది. ఆ రెండు నెలలు కాపాడుకుంటే చాలు. నల్లరేగడి పత్తికి, శనగకి బంగారమే. కుండీలో అడీనియానికి మాత్రం అది బురద గుంట. దానికి తోడు నర్సరీ వాళ్లు వేళ్ల చుట్టూ పెట్టిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ముద్ద మధ్యలో అలాగే ఉండి ఉంటుంది, తడిస్తే ఒక పట్టాన ఆరదు.

ఈరోజే కుండీలోంచి తీసేయండి. మట్టి, కోకోపీట్ మొత్తం కడిగేయండి. చాకుని స్పిరిట్‌తో తుడిచి, మెత్తబడిన భాగాన్ని కోయండి. గోధుమరంగు మచ్చ ఒక్కటి కూడా లేకుండా తెల్లటి కండ కనపడేదాకా కోస్తూనే ఉండాలి. కోసిన ప్రతిసారీ చాకు తుడవండి. జాలిపడి కొంచెం వదిలేస్తే మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. తర్వాత పురుగుమందుల అంగట్లో దొరికే సాఫ్ అనే బూజు తెగులు మందు పొడిని కాస్త నీళ్లతో ముద్దలా కలిపి కోతకు పూయండి.

ఒక్క జాగ్రత్త. ఇది గన్నేరు కుటుంబం, పాలు విషం. ఆఫ్రికాలో వేటగాళ్లు దీని రసాన్ని బాణాలకు పూసేవారు. చేతులకు గ్లౌజులు వేసుకోండి, కళ్లు నలుపుకోవద్దు, ఆ చాకు మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

ప్రశ్న వేసినవారు (అనంతపురం):
చాలా థ్యాంక్స్ అన్నా. తీసి చూశాను, మీరన్నట్టే లోపల కోకోపీట్ ముద్ద నీళ్లు కారుతోంది. ఒక పక్క వేళ్లన్నీ పోయాయి. కోస్తే గడ్డలో మూడో వంతు పోయింది, మిగతాది తెల్లగానే ఉంది. ఇప్పుడు వెంటనే నాటాలా?

జవాబు (కర్నూలు):
మూడో వంతేనా, అయితే బతికే అవకాశం బాగానే ఉంది. వెంటనే నాటొద్దు. వాన తగలని చోట, నీడలో, గాలి ఆడేలా వేలాడదీయండి. కోత మీద గట్టిగా పొర కట్టాలి. వారం పడుతుంది, ఈ ముసురులో ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఆకులు మిగిలుంటే తుంచేయండి.

మట్టి సంగతి. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు అర పాలు. ఇసుకను జల్లెడ పట్టి, పైన మిగిలిన ముతకదే వాడండి. కిందికి దిగిన సన్న ఇసుక సిమెంటులా బిగుసుకుంటుంది. రైసు మిల్లు దగ్గర కాలిన నల్ల ఊక దొరికితే ఒక పాలు కలపండి, ఖర్చు లేని సరుకు. కుండీలో నీళ్లు పోస్తే పైన నిలవకుండా అప్పటికప్పుడు అడుగు రంధ్రంలోంచి రావాలి. రాకపోతే ఇంకా ఇసుక కలపండి. పొడి మట్టిలోనే నాటి, వారం తర్వాత మొదటిసారి నీళ్లు పోయండి.

జవాబు (కడప):
అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మిద్దె మీద మన కడప బండలు పరిచి ఉంటే కుండీని నేరుగా బండ మీద పెట్టకండి. ఎండాకాలం ఆ నల్ల బండ అట్లపెనంలా కాలుతుంది, వానాకాలం అడుగు రంధ్రం మూసుకుపోతుంది. కింద ఇటుక ముక్కలు పెట్టండి. బోరు నీళ్లు ఉప్పుగా ఉంటే మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. అప్పుడప్పుడు వాన నీళ్లు పట్టుకుని ధారాళంగా పోస్తే ఆ ఉప్పు దిగిపోతుంది.

అన్నా, నాదో చిన్న డౌటు. గులాబీ పువ్వులా ఉండే ఎచెవేరియాలు బెంగళూరు నుంచి తెస్తే ప్రతి మే నెలలోనూ చచ్చిపోతున్నాయి. ఎందుకు?

జవాబు (కర్నూలు):
అవి చాలావరకు మెక్సికో కొండల మొక్కలు, రాత్రి చల్లబడాలి వాటికి. కడపలో మే నెల రాత్రి ఎక్కడ చల్లబడుతుంది తమ్ముడూ? డబ్బు దండగ. కలబంద, సాన్సెవేరియా (స్నేక్ ప్లాంట్) పెట్టుకోండి, హాయిగా ఉంటాయి.

ప్రశ్న వేసినవారు (అనంతపురం):
వరండాలో కట్టేశాను. ఒక సందేహం అన్నా. మాది ముద్ద పువ్వుల రకం. మళ్లీ అలాగే పూస్తుందా?

జవాబు (కర్నూలు):
ముద్ద పువ్వులవి చాలావరకు అంటు కట్టినవే. కాండం మీద అంటు మచ్చ కనపడుతుంది చూడండి. దానికి పైన చిగుర్లు వస్తే అదే పువ్వు. కింద వస్తే తుంచేయండి, లేకపోతే ఆ మామూలు రకమే బలంగా పెరిగి పై కొమ్మను అణిచేస్తుంది. డిసెంబరు, జనవరిలో నీళ్లు బాగా తగ్గించండి, ఆకు పలచబడినా కంగారు వద్దు. ఫిబ్రవరి చివర కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది. రోజుకు ఐదారు గంటల ఎండ లేకపోతే మాత్రం ఆకులే తప్ప పూలు రావు. కత్తిరించిన కొమ్మలు నాటితే వేళ్లు పడతాయి కానీ విత్తనం మొక్కకు వచ్చినంత లావు గడ్డ రాదు, ఆ ఆశ పెట్టుకోకండి.