ఇన్యులిన్ పొడి వాడుతున్న అమ్మకి కడుపు ఉబ్బరం: అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

నమస్కారమండి. మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. మా అమ్మకి 54 ఏళ్ళు, బరువు 88 కిలోలు. షుగర్‌కి చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది. పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరిగితే బరువు తగ్గుతుందని తెలిసినవాళ్ళు చెబితే, షికోరీ వేరు నుంచి తీసిన ఇన్యులిన్ అనే పీచు పొడి కొన్నాం. మొదటి రోజు నుంచే 10 గ్రాములు మజ్జిగలో కలిపి ఇచ్చాను. వారం తిరక్కుండానే ఉబ్బరం, గ్యాస్. రాత్రిళ్ళు నిద్ర పట్టక అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేకపోతున్నాను.

ఇన్యులిన్ మనకి అరగదని, పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టినప్పుడు గ్యాస్ పుడుతుందని చదివాను. ఇసబ్‌గోల్ అంతగా పులియదట. మెట్‌ఫార్మిన్ కూడా కడుపుని ఇబ్బంది పెడుతుంది కదా, ఏది కారణమో తేలక టెన్షన్‌గా ఉంది.

2, 3 గ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచినవాళ్ళు ఉన్నారా? ఉబ్బరం తగ్గిందా? బరువులో నిజంగా తేడా కనిపించిందా? మా చుట్టూ అరటి తోటలే. పొడి మానేసి అరటికాయ, అరటి దూట, పెసలు రోజూ పెడితే పేగులకి సరిపోతుందా? ప్రస్తుతానికి పొడి ఆపేశాను. సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, ఏమేం అడగాలో కూడా చెప్పండి.